అసలు–నకలు: మన యిండ్లలోని టీవీ ఆటపెట్టెల చరిత్ర

చరిత్ర యనగానే రాజుల యుద్ధములును, దేవాలయముల శాసనములును మనకు స్ఫురించును. కాని సామాన్య గృహస్థుని అటకపై పడియున్న వస్తువునకు గూడ చరిత్ర కలదు. 1990 దశకమున మన బరంపురమునందు పిల్లలున్న పెక్కు గృహములలో టీవీకి తగిలించి ఆడుకొను పెట్టె యొకటి యుండెడిది. నాటి పిల్లలు నేడు తల్లిదండ్రులైరి. తమ చిన్ననాటి ఆటను తమ బిడ్డలకు చూపవలెనని వారి కోరిక. అందుకై అసలు జపాను యంత్రమును అధిక మూల్యమిచ్చి తెప్పింపవలెనా, లేక అంగడిలో చౌకగా దొరకు నకలుతో తృప్తి నొందవలెనా యను తర్కము మన భోజనముల వేళ గూడ వినవచ్చుచున్నది. కాన పెద్దలమైన మనమును ఈ విషయమును కొంత తెలిసికొనుట యుక్తము.

ఈ యంత్రమునకు పుట్టినిల్లు జపానులోని క్యోటో నగరము. నింటెండో అను సంస్థ 1889లో అచట పేకముక్కలు చేయుటతో ప్రారంభమయ్యెను. పేకముక్కలన్న మనకు కొత్త కాదు. గుడ్డపై పూతపూసి, గుండ్రముగ కత్తిరించి, చేతితో చిత్రించిన గంజపా ముక్కలు ఒడిస్సాలో ప్రసిద్ధములు. దశావతార గంజపాలో పండ్రెండేసి చొప్పున పది వర్గములు, మొత్తము 120 ముక్కలు. ఆ క్యోటో సంస్థయే, మసయుకి ఉయెమురా అను ఇంజనీరు రూపకల్పనలో, 1983 జూలై 15న ఫ్యామిలీ కంప్యూటర్ అను ఆటయంత్రమును విడుదల చేసెను. 1985లో అది రూపు మార్చుకొని అమెరికాలో ప్రవేశించెను.

అమెరికా యంత్రమునందు అనుమతి లేని క్యాసెట్టును నిరాకరించు తాళపు చిప్పు నమర్చిరి. జపాను యంత్రమున కట్టి తాళము లేదు. కాన తైవాను, హాంగ్‌కాంగుల పనివారు దాని నకళ్ళను విరివిగా చేయగలిగిరి. రష్యాలో 1992 చివర దెండీ యను పేర వచ్చిన నకలు ఎంత వ్యాపించెననగా, అచటి పిల్లలకు ఆ పేరే ఆటయంత్రమునకు పర్యాయపదమయ్యెను. మన దేశమున సమురాయి యను పేరుతో అసలు యంత్రమును కొంతకాలము విక్రయించిరి. అయినను జనసామాన్యమునకు అందినవి మీడియా, లిటిల్ మాస్టర్, టెర్మినేటర్ మున్నగు పేర్ల నకళ్ళే.

దీనికి కారణము నీతిలోపము మాత్రమే కాదు. నాటి దిగుమతి సుంకమును గూడ చూడవలెను. సెగా యను మరియొక జపాను సంస్థ 1995లో షా వాలెస్ కంపెనీ ద్వారా తన యంత్రమును ఇచట విక్రయింపబూనినపుడు, 80 శాతము సుంకమును తప్పించుకొనుటకే ఆ యేర్పాటు చేసికొనెను. అయినను వెల 18,000 రూపాయలు! అది నావంటి గుమాస్తాకు పలుమాసముల జీతము. అట్టి కాలమున నకలు యంత్రము రానిచో మన పిల్లలకు ఏ యంత్రమును వచ్చియుండెడిది కాదు. క్యాసెట్టుపై 9999999 ఆటలని అచ్చువేసి, లోపల నాలుగైదింటినే పేర్లు మార్చి మరల మరల చూపిన వర్తకుని చాతుర్యమును మాత్రము నేను సమర్థింపను.

అసలు ఉత్తమము, నకలు అధమము అని స్థూలముగ నిర్ణయింతుము గాని, లోన పరిశీలించిన సంగతి అంత తేలిక కాదు. జపాను టీవీ సెకనుకు 60 చిత్రములను చూపును. మన పాల్ పద్ధతి టీవీ 50 మాత్రమే చూపును. పాల్ దేశములకై నింటెండోయే చేసిన అసలు యంత్రములో ప్రధానమైన చిప్పు వేగము 1.66 మెగాహెర్ట్‌జులకు తగ్గెను. దానితో సంగీతపు శ్రుతియు దిగిపోయెను. అవే దేశములకై చేసిన దెండీ తరగతి నకళ్ళలో ఆ వేగము 1.77. జపాను యంత్రపు వేగము 1.79. అనగా, శ్రుతి విషయమున నకలే మూలమునకు దగ్గర! అయితే పెక్కు నకళ్ళలో ధ్వనితరంగముల ఆకృతులు రెండు తారుమారై, స్వరమునకు వేరొక గరుకుదనము వచ్చెను. ఆ గరుకు నాదముతో పెరిగినవానికి నేడు అసలు యంత్రమును వినిపించినచో, "ఇది మా ఆట కాదే!" యని తోచుట సహజము.

ఇక కొనదలచినవారికి కొన్ని సూచనలు. జపాను యంత్రము 100 వోల్టుల దేశమునకు చేసినది. దాని అడాప్టరును మన 230 వోల్టులకు తిన్నగా తగిలింపరాదు. దాని ప్లగ్గులో ధనఋణ ధ్రువములు గూడ సాధారణమైన వానికి వ్యత్యస్తముగ నుండును. దాని క్యాసెట్టుకు 60 కాళ్ళు, అమెరికా క్యాసెట్టుకు 72. కాన ఒకదానిది మరియొకదానిలో చొరదు. తుపాకితో బాతులను కాల్చు ఆట పాత గాజు టీవీపైననే పనిచేయును గాని, నేటి పలుచని టీవీలపై పనిచేయదు. నేటి చౌక నకళ్ళలో యంత్రమంతయు ఒకే చిప్పుగా నల్లని బొట్టు క్రింద దాగియుండును. అది చెడినచో బాగుచేయుట దుర్లభము. పాత యంత్రమును విప్పి, భాగములను మార్చి, బ్రతికించుకొనవచ్చును. కేవలము పిల్లల వినోదమునకైనచో నకలు చాలును. శాశ్వతముగ భద్రపరచుటకైనచో అసలునే వెదకవలెను. ఆ అసలు తయారీ 2003 సెప్టెంబరుతో నిలిచిపోయినది.

అసలు–నకలు అను మాట మన బోటి ప్రవాసాంధ్రులకు వట్టి వస్తువుల విషయము కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా రాష్ట్ర మేర్పడినపుడు బరంపురము మదరాసు రాజధానినుండి విడివడెను. మనము కదలలేదు, సరిహద్దే కదలెను. నాటినుండి ఆంధ్రదేశపు బంధువులు మన మాటలోని ఒడియా పలుకులను పట్టుకొని, "మీది అసలు తెలుగు కాదు" అని పరిహసించుట మనలో పెక్కురు విన్నదే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయత్వము చేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు, జనుల నోట జీవించు భాష గ్రంథభాషకు చెడిన నకలు కాదనియు, దానికి దాని నియమములు కలవనియు జీవితాంతము వాదించిరి. 1936లో పర్లాకిమిడి ఒడిస్సాలో చేరగా ఆయన రాజమహేంద్రవరము వెడలిరి. గ్రాంథికమున వ్రాయుచున్న నేనును ఆయన వాదములోని సత్యమును కాదనజాలను. మూలమునకు దూరమున, వేరొక గాలిలో, ఒక తరము ప్రేమతో వాడిన వస్తువు తనదైన యొక అసలుతనమును సంపాదించుకొనును.

కావున, అసలు యంత్రమును కొనువారు కొనుడు. కాని దానికొరకు అటకపైనున్న మీడియా పెట్టెను పాతసామాను వానికి తూచి వేయకుడు. గోపాలపురపు ఉప్పుగాలికి దాని కాళ్ళు త్రుప్పుపట్టకుండ పొడిగుడ్డలో చుట్టి యుంచుడు. దానిని ఏ సంవత్సరమున, ఎంత వెలకు, ఎవరికొరకు కొంటిరో ఒక చీటిపై తెలుగున వ్రాసి లోపల నుంచుడు. జపాను యంత్రపు చరిత్రను జపానువారు భద్రపరతురు. బరంపురపు తెలుగు ఇండ్లలో పిల్లలు ఏ ఆట ఆడిరో, ఏ భాషలో కేరింతలు కొట్టిరో మనము వ్రాయకున్న మరెవ్వరు వ్రాయుదురు?