తల్లి హవాయిలో, చెరువు భీమవరంలో

తెల్లారుజామున రొయ్యల చెరువు మీద మొదట చేసే పని చెక్ ట్రే పైకి లాగడం. వేసిన మేతలో ఎంత మిగిలిందో చూసి, రైతు నాలుగు రొయ్యల్ని చేతిలోకి తీసుకుంటాడు. వీపు వెంబడి నల్లని గీత తెగకుండా కనిపిస్తే పేగు నిండా మేత ఉన్నట్టే, ఆ పూటకు గండం గడిచినట్టే. గీత తెగినా, పేగు తెల్లబడినా నీళ్లు పట్టుకుని ల్యాబుకు పరుగు తీయాలి.

ఆ చేతిలోని వనామి రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. ఎక్కువగా కొనుక్కుని తినేది అమెరికా. మధ్యలో మూడు నాలుగు నెలలు రాత్రీ పగలూ కాపలా కాసేది భీమవరం, కైకలూరు, నెల్లూరు రైతు. విత్తనం ఒకచోట, తినేవాళ్లు మరోచోట, అప్పు మాత్రం ఇక్కడ. కోస్తాలో ఆక్వా సాగు మొదటినుంచీ ఇలాగే నడిచింది.

కొల్లేటిలో కొర్రమీను, మట్టగిడస, జెల్ల ఎప్పుడూ ఉన్నవే. పట్టుకోవడమే తప్ప పెంచడం లేదు. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు చెరువులో ఎంత పెరిగినా అక్కడ గుడ్లు పెట్టవు. వాటికి ఏటి వరద కావాలి. అందుకే పిల్లల కోసం నదుల మీద ఆధారపడాల్సి వచ్చేది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, ఆలికున్హి ఆ చిక్కుముడి విప్పారు. చేప తలలోంచి తీసిన పిట్యూటరీ గ్రంథి రసాన్ని తల్లి చేపకు సూదితో ఎక్కిస్తే వరద లేకుండానే గుడ్లు పెట్టింది. ఏటా జులై 10న జాతీయ మత్స్యరైతుల దినోత్సవం జరుపుకునేది అందుకే. ఆ సూది లేకపోతే ఐసు పెట్టెలతో హౌరాకూ అస్సాముకూ పోయే ఆంధ్రా చేపల లారీ లేదు.

1970ల్లో కొల్లేటి గర్భంలోనే మత్స్యకార సొసైటీలతో చెరువులు తవ్వించింది ప్రభుత్వం. లాభం చూసి పెట్టుబడిదారులు దిగారు, గట్లు సరస్సును ముక్కలు చేశాయి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో గట్లు తెగగొట్టారు. సరస్సును కాపాడాల్సిందే. కానీ అదే ప్రభుత్వం మాట నమ్మి చెరువు పట్టిన చిన్న మత్స్యకారుడి గోడు ఆ హడావుడిలో వినాల్సినంతగా ఎవరూ వినలేదు.

ఉప్పునీటి వైపు కథ ఇంకా వేగంగా నడిచింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వరి చేలను చెరువులుగా మార్చేసింది. హేచరీలకు తల్లి రొయ్యలు సముద్రంలోంచి వచ్చేవి, వాటితోపాటే వైరస్‌లూ రాగలవు. 1994లో తెల్లమచ్చల వ్యాధి తగిలి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. పక్క పొలాలు చౌడుబారాయి, బావి నీళ్లు ఉప్పెక్కాయి. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరానికి ఆనుకుని ఉన్న చెరువులను, పులికాట్, చిలికా సరస్సులకు కిలోమీటరు లోపల ఉన్నవాటిని తొలగించమంది. సాగుకు నిబంధనలు పెడుతూ 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది.

2009లో వనామికి అనుమతి దొరికింది. దీని తల్లులు సముద్రంలో పట్టినవి కావు. హవాయి, ఫ్లోరిడాల్లో నిర్దేశిత వ్యాధులు లేకుండా పెంచినవి. విమానంలో చెన్నై చేరి, అక్కడ క్వారంటైన్ దాటితేనే హేచరీకి వెళతాయి. వైరస్ భయం తగ్గడంతో సాగు పరుగెత్తింది. 2023-24లో దేశం ఎగుమతి చేసిన గడ్డకట్టిన రొయ్య 7,16,004 టన్నులు. అందులో 2,97,571 టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లింది.

సగానికి కాస్త తక్కువ సరుకు ఒకే గుమ్మం ముందు దించితే ఏమవుతుందో 2025లో తెలిసింది. ఆగస్టు 27 నుంచి మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. కిలోకు ముప్పై తూగే 30 కౌంట్ దాకా పెంచాలా, కిలోకు వంద తూగగానే పట్టుబడి చేసేయాలా అన్నది రైతు చెరువును చూసి తేల్చుకోవాల్సిన లెక్క. దాన్ని వాషింగ్టన్ వార్తలు చూసి తేల్చుకోవాల్సి వచ్చింది. మేత, కరెంటు, డీజిలు ఖర్చులు మాత్రం ఏ వార్తకూ తగ్గవు.

అమ్మకం సంగతి అలా ఉంచితే, తల్లి రొయ్యకూ చెరువుకూ మధ్య దూరం తగ్గించే పని ఒకటి చెన్నైలో మొదలైంది. మన సముద్రంలోనే పుట్టే తెల్ల రొయ్యను, వలల్లో ఎప్పటినుంచో పడుతున్న ఆ పాత రొయ్యనే, తరం తర్వాత తరం ఎంపిక చేసి చెరువుకు తగ్గట్టు తీర్చే పథకాన్ని అక్కడి కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ (సీబా) శాస్త్రవేత్తలు చేపట్టారు. అది నిలదొక్కుకుంటే హేచరీకి చేరే తల్లి రొయ్య విమానం ఎక్కాల్సిన పనిలేదు.