చల్లారాక తిరిగొచ్చిన బ్రేకు

దీపావళి వెళ్లి పది రోజులైంది. చిచ్‌పల్లి దాటాక మూల్ రోడ్డు అడవిలోకి పోతుంది. మా పాత 407 నిండా వడ్లు, 20 క్వింటాళ్లు. మూల్‌లో రైస్ మిల్లుకు తోలుతున్నాం. స్టీరింగ్ మీద బాపు, పక్కన నేను.

ముందు వాసన వచ్చింది, గోనెపట్టా మాడినట్టు.

"ఏందిరా అది?" అన్నాడు బాపు.

"ఎవరో చెత్త కాలవెట్టిండ్రేమో బాపూ."

అద్దం దించి చూశాను. మంట ఎక్కడా కనిపించలేదు, వాసన మాత్రం మాతోనే వస్తోంది. అప్పుడే మలుపు తిరిగాం. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా పశువుల మంద, దాని వెనక కట్టె పట్టుకున్న పిల్లవాడు.

బాపు బ్రేకు తొక్కాడు. పెడల్ అడ్డూ ఆపూ లేకుండా కిందికి దిగిపోయి నేలకు తగిలింది. మళ్లీ తొక్కాడు, మూడోసారీ తొక్కాడు.

"లేస్తలేదు," అన్నాడు. ఆయన అరవలేదు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

హారన్ మీద చెయ్యి వేసి, నాలుగో గేరు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు దించాడు. ఇంజను కేక పెట్టింది. నేను రెండు చేతులా హ్యాండ్ బ్రేక్ లాగాను. పిల్లవాడు ఆఖరి ఆవును అదిలించి పక్కకు దూకాడు. బండి తారు దిగింది, మట్టి గడ్డల మీద ఎగిరింది, చివరికి ఒక మన్ను కుప్పలో ముక్కు గుచ్చి ఆగింది. పిల్లవాడు ఏడుస్తూ వచ్చి బాపు మొహం చూశాడు. బాపు అతని తల నిమిరి పంపించాడు.

వెనక చక్రాల డ్రమ్ముల దగ్గర సన్నగా పొగ. దగ్గరికి చెయ్యి పోనివ్వని వేడి.

అరగంటకు పైగా చెట్టు కింద కూర్చున్నాం. తర్వాత బాపు ఊరికే ఎక్కి పెడల్ తొక్కి చూశాడు. అది రాయిలా గట్టిగా నిలబడింది!

"వచ్చిందిరా! మెల్లగ పోదాం, మిల్లు మూసేస్తరు."

ఆవుల మంద ఎదురైన క్షణం కన్నా ఈ క్షణమే నన్ను ఎక్కువ భయపెడుతుంది, తలచుకున్నప్పుడల్లా. వచ్చిందని నేనూ నమ్మాను. బండి ఎక్కబోతూ ఎందుకో చంద్రపూర్ తుకుంలో ఉండే మామకు ఫోన్ చేశాను. గని వర్క్‌షాపులో పెద్ద బండ్లు బాగుచేసి రిటైరైన మనిషి. వాళ్లది రాజురా. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఊరు. మామ బాపుకు వరసకు బావ.

"ఫోన్ మీ బాపుకియ్యి," అన్నాడు మామ. స్పీకరులో ఆయన మాట నాకూ వినిపించింది. "బావా, తాళం చెవి తీసి జేబులేసుకో. చల్లారితే వచ్చిన బ్రేకు వేడైతే మళ్ల పోతది. వడ్లు వేరే బండిల ఎక్కియ్యి. దీన్ని తాడుతోని కాదు, ఇనుప రాడ్డు కట్టి ట్రాక్టరుతోని గుంజుకరా."

రాత్రికి తుకుం చేరాం. మామ ఇంటి ముందు బండిని ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి పడుకున్నాం. నాకు నిద్ర రాలేదు. దూరాన 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పొగ గొట్టాల మీద ఎర్ర దీపాలు తెల్లారేదాకా చూస్తూనే ఉన్నాను. నాకు లోపల ఒక అనుమానం మొదలైంది.

పొద్దున్నే మామ పానాల పెట్టెతో వచ్చాడు, వెంట ఒక మరాఠీ కుర్రవాడు. మామ ముందు ఏ చక్రమూ విప్పలేదు. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్దాడు. ఒక గాజు సీసాలో సగం నీళ్లు పోయించి, డబ్బాలోంచి కొంత తీసి అందులో పోసి, మూత బిగించి గట్టిగా ఊపి గోడ మీద పెట్టాడు.

"చూస్తుండు అల్లుడూ."

కొద్దిసేపటికి నీళ్ల మీద నల్లటి పొర తేలి నిలబడింది.

"అసలు బ్రేక్ ఆయిలైతే నీళ్లల్ల కలిసిపోవాలె. ఇది తేలింది. ఇండ్ల ఇంజనాయిల్ ఎవరు పోసిండ్రు?"

బాపు నా వైపు చూడలేదు. ఆయనకు తెలియదు.

"నేనే మామా."

దసరా ముందు డబ్బాలో ఆయిల్ తగ్గి కనిపించింది. షాపు దాకా పోవడానికి బద్ధకం వేసింది. షెడ్డులో మిగిలిన ఇంజనాయిల్ డబ్బా ఉంది. ఆయిలే కదా అని పోశాను. మన షెడ్లలో, షాపుల్లో అందరం దాన్ని బ్రేక్ ఆయిల్ అనే పిలుస్తాం. పేరులోనే ఆయిల్ ఉంది కానీ లోపల నూనె లేదు. అది గ్లైకాల్ రకం ద్రవం. సిలిండర్లలోని రబ్బరు కప్పులు ఆ ద్రవానికి తగ్గట్టు చేసినవి. వాటికి ఇంజనాయిల్ తగిలితే నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి.

మామ మాస్టర్ సిలిండర్ విప్పి కప్పులు నా అరచేతిలో పెట్టాడు. వాటి పక్కన కిట్టులోని కొత్త కప్పు పెట్టాడు. పాతవి పెద్దవై, మెత్తబడి, అంచులు చెదిరి ఉన్నాయి. సిలిండరు గోడలో సూది మొనంత రంధ్రం చూపించాడు. పెడల్ వదలగానే ఒత్తిడి ఆ దారినే డబ్బాలోకి తిరిగి పోవాలి. ఉబ్బిన కప్పు దాన్ని మూసేసింది. అందుకని కాలు తీసినా బ్రేకు పూర్తిగా వదల్లేదు. లైనర్లు డ్రమ్ములను రాసుకుంటూనే తిరిగాయి. మేము పీల్చిన వాసన అదే. ఆ వేడికి ద్రవం మరిగి గొట్టాల్లో ఆవిరి పట్టింది. ద్రవాన్ని నొక్కినా కుదించలేం, కాబట్టే పెడల్ మీది బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరి అలా కాదు, నొక్కితే నలిగిపోతుంది. పెడల్ నేలకు దిగింది అందుకే. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ లేచింది.

డాట్ 3 రకం కొత్త ద్రవం కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కానీ అది గాలిలోని తేమను తాగుతూ ఉంటుంది, తేమ పట్టాక కావలసిన కనీస హద్దు 140 డిగ్రీలే. మా బండిలో దాన్ని చివరిసారి ఎప్పుడు మార్చామో బాపుకు గుర్తు లేదు, నాకూ లేదు.

ద్రవంతో బ్రేకు వేసే ఉపాయానికి 1917లో పేటెంటు పొందిన అమెరికన్ పేరు మాల్కం లాకీడ్. తమ్ముడితో కలిసి విమానాలు కట్టిన మనిషి. 1921 నాటి డ్యూసెన్‌బర్గ్ కారుకు నాలుగు చక్రాలకూ అలాంటి బ్రేకులు వచ్చాయి. ఒక దారి కారిపోయినా రెండోది పనిచేయాలని తర్వాతి కాలంలో మాస్టర్ సిలిండరును రెండు గదులుగా చేశారు. మా బండిదీ రెండు గదులదే. ఆ రెండు గదుల్లోనూ నేనే విషం పోశాను.

"అల్లుడూ, ఆయిల్ ఎందుకు తగ్గిందో అడగలేదు నువ్వు," అన్నాడు మామ డ్రమ్ము ఊడదీస్తూ. లైనర్లు అరిగి రివిట్ల దాకా వచ్చాయి. లైనరు అరిగేకొద్దీ వీల్ సిలిండరు పిస్టన్లు బయటికి జరుగుతాయి, డబ్బాలో మట్టం దిగుతుంది. కారకుండా తగ్గడమంటే లైనరు చూడమని బండి చెబుతున్నట్టే. పోసి పైకి తేవడంతో నేను దాని నోరు మూశాను.

రెండు రోజులు పట్టింది పని. నాలుగు చక్రాల సిలిండర్లలోనూ రబ్బరంతా మార్చాం. రబ్బరు హోసులు ఒక్కటి కూడా ఉంచనివ్వలేదు మామ. రెండు సిలిండర్ల లోపలి గోడలకు గుంటలు పడ్డాయి. వాటిని సాఫు చేస్తే చాలు కదా అని బాపు అడిగితే, మామ మాట్లాడకుండా గుంటల మీద ఆయన వేలు పెట్టి రాయించాడు. కొత్తవి తెచ్చాం. ఇనుప గొట్టాలను స్పిరిట్‌తో కడిగి గాలి కొట్టాం. పాత ద్రవం ఒక్క చుక్క కూడా మిగలకూడదన్నాడు. సీలు తీయని డబ్బా నా ముందే విప్పించాడు.

ఆఖరున ఎయిర్ తీయడం. మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్నా దూరమైన ఎడమ వెనక చక్రంతో మొదలు. నేను పెడల్ మీద, కుర్రవాడు నిప్పల్ దగ్గర పానాతో, దానికి తొడిగిన సన్న గొట్టం రెండో కొస సీసాలోని కొత్త ద్రవంలో మునిగి ఉంది.

"దాబ్!" నేను తొక్కాను. "ధర్!" అలాగే పట్టి ఉంచాను. అతను నిప్పల్ వదులు చేశాడు, పెడల్ కిందికి జారింది, సీసాలో బుడగలు లేచాయి. నిప్పల్ బిగించాకే "సోడ్!" అన్నాడు. అది బిగియకముందు కాలు తీస్తే బయటి గాలి లోపలికి పోతుంది. దాబ్, ధర్, సోడ్. మధ్య మధ్య డబ్బాలో ద్రవం నింపుతూ బాపు. నాలుగో చక్రం అయ్యేసరికి నా తొడ వణుకుతోంది. బుడగలు ఆగాయి. పెడల్ పైనే నిలిచింది. అదిమి పెట్టి నిమిషం ఆగమన్నాడు మామ. దిగలేదు.

బాపు రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. అప్పుడు వచ్చి, కిటికీలోంచి నా భుజం మీద చెయ్యి వేసి, "దిగు, నీళ్లు తాగు," అన్నాడు.

ముందు ఖాళీ బండిని గల్లీలో నడక వేగంతో నడిపి ఆపి చూశాం. ఆ తర్వాత మామ స్టీరింగ్ పట్టి తాడోబా రోడ్డు మీద కొంత దూరం పోయి, ఆపుతూ, కదిలిస్తూ తిరిగొచ్చాడు. ఇంజను ఆపి నేరుగా వెనక చక్రం దగ్గర గొంతుకూర్చున్నాడు. డ్రమ్ముకు చెయ్యి దగ్గర పెట్టి చూసి, తర్వాత ఆనించాడు. నాలుగు చక్రాలూ అలాగే చూశాడు.

"అల్లుడూ, ఇటు రా." నా చెయ్యి పట్టుకుని ఎడమ వెనక డ్రమ్ము మీద పెట్టాడు.

గోరువెచ్చగా ఉంది.