తల్లుల నింద, మెదడు బొమ్మ

1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మనోవైద్యురాలు అమెరికాలో ప్రచురించిన ఒక వ్యాసంలో 'స్కిజోఫ్రీనియా పుట్టించే తల్లి' అన్న మాట వాడారు. ఆ తరువాత ఎందరో తల్లులు బిడ్డ జబ్బుతో పాటు ఆ నిందనూ దశాబ్దాల పాటు మోశారు.

లోపం మెదడులోనే ఉందేమోనన్న అనుమానం అంతకు ముందే ఉంది. 1927లో జర్మనీలోని యేనాలో యాకోబీ, వింక్లర్ అనే వైద్యులు ఈ రోగుల నడుము దగ్గర సూదితో ద్రవాన్ని తీసి, బదులుగా గాలిని ఎక్కించి, తలకు ఎక్స్‌రేలు తీశారు. మెదడు లోపల ద్రవం నిండి ఉండే గదులు, అంటే జఠరికలు, పెద్దవిగా కనిపించాయి. కాని ఆ పరీక్ష వల్ల తీవ్రమైన తలనొప్పి, వాంతులు వచ్చేవి. ఆరోగ్యవంతులను అంత బాధ పెట్టడం తగదు. పోల్చి చూడడానికి మామూలు మెదడే లేనప్పుడు 'పెద్దవి' అన్న మాటకు విలువెంత?

1971లో లండన్‌లో తొలి రోగికి సి.టి. స్కాన్ తీయడంతో ఆ చిక్కు వీడే దారి ఏర్పడింది. 1976లో అదే నగరంలోని నార్త్‌విక్ పార్క్‌లో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో బృందం ఏళ్ల తరబడి ఆసుపత్రిలోనే ఉండిపోయిన 17 మంది రోగులను 8 మంది ఆరోగ్యవంతులతో పోల్చింది. రోగుల జఠరికలే పెద్దవని తేలింది. అధ్యయనం చిన్నదే, తరువాతివి దాన్ని బలపరిచాయి.

అయితే ఆ తేడా సగటులోనిది. చాలామంది రోగుల జఠరికలు మామూలు కొలతల్లోనే ఉంటాయి. అందుకే నేటికీ స్కాన్ తీసేది ప్రధానంగా కణితి వంటి వేరే కారణం లేదని తెలుసుకోవడానికే. రోగనిర్ణయానికి మాత్రం రోగి మాటలు, ఇంటివారు చెప్పే వివరాలే ఆధారం. తరచు ఆ చెప్పేది తల్లే.