ఆకాశంలో చెవులు, అరండా వాళ్ల నేల



కొండెక్కితే గానీ సిగ్నల్ దొరకని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం మనం. అలాంటి సిగ్నల్‌ని అంతరిక్షం నుంచి ఎవరైనా పట్టుకోగలరా అంటే నవ్వొస్తుంది. కానీ అరవై ఏళ్ల పైనుంచీ పడుతూనే ఉన్నారు.

1960 మే 1న సోవియట్ యూనియన్ తన మీద ఎగురుతున్న అమెరికా గూఢచారి విమానం యూ-2ని కూల్చేసింది. జూన్ 22న అమెరికా నేవీ గ్రాబ్ అనే ఉపగ్రహాన్ని పైకి పంపింది. బరువు 20 కిలోలు కూడా లేదు. సూర్యుణ్ణి పరిశీలించడానికని లోకానికి చెప్పారు. ఆ పరికరం కూడా అందులో ఉంది, అబద్ధం కాదు. కానీ అసలు పని సోవియట్ రాడార్ల సిగ్నల్ పట్టి కిందికి చేరవేయడం. ఈ గుట్టు 1998లో గానీ బయటపెట్టలేదు.

రాడార్ సరే, మాటల సంగతేంటి? అప్పట్లో దూరప్రాంతాల ఫోన్ కాల్స్ టవర్ నుంచి టవర్‌కి మైక్రోవేవ్ రూపంలో తిన్నగా పోయేవి. భూమి గుండ్రం కదా, అవతలి టవర్‌ని దాటిపోయిన తరంగం నేలను వదిలి ఆకాశంలోకి పోతుంది. బిందె నిండి పొర్లిన నీళ్లన్నమాట. 1970 నుంచి అమెరికా పంపిన రయోలైట్ ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున పెద్ద యాంటెన్నా విప్పుకుని ఆ పొర్లినదాన్నే పట్టాయి. క్షిపణి పరీక్షల సిగ్నల్స్ కూడా విన్నాయి.

మన హాస్టల్ వైఫై అయితే అంత తేలిగ్గా దొరకదు. 100 మీటర్లకే నీరసించే సిగ్నల్ 500 కిలోమీటర్ల పైకి చేరేసరికి ఇంకో రెండున్నర కోట్ల రెట్లు పలచబడుతుంది. ఫోన్ వేరే. 2023లో బ్లూవాకర్ 3 అనే ఉపగ్రహం, 64 చదరపు మీటర్ల యాంటెన్నాతో, మామూలు సెల్‌ఫోన్ కాల్‌ని నేరుగా అందుకుంది. ఇప్పటి మాటలకు ఎన్‌క్రిప్షన్ తాళం ఉంటుంది, నిజమే. తాళం తీయలేకపోయినా సిగ్నల్ ఎక్కణ్ణుంచి లేచిందో కనిపెట్టొచ్చు.

మేము ఈ పోస్టు రాయడానికి అసలు కారణం వేరే. పైన పట్టింది దించుకోవడానికి కింద నేల కావాలి. రయోలైట్‌కి దొరికిన నేల ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఆలిస్ స్ప్రింగ్స్ పక్కన ఉన్న పైన్ గ్యాప్. అది అరండా ఆదివాసులది. సముద్రానికి అంత దూరం ఎందుకంటే, దిగే సిగ్నల్‌ని సోవియట్ ఓడలు దొంగిలిస్తాయని భయం! 1966లో రెండు ప్రభుత్వాలు సంతకాలు చేసుకున్నాయి. కేంద్రం పేరులో "అంతరిక్ష పరిశోధన" అని పెట్టారు. అప్పటికి ఆస్ట్రేలియా రాజ్యాంగం ఆదివాసులను దేశ జనాభా లెక్కలోనే కలపలేదు, అది మారింది 1967లో. అక్కడి భూమి హక్కుల చట్టం 1976లో వచ్చింది. అంటే సంతకాల రోజున ఇది మా నేల అని నిలదీయడానికి వాళ్ల చేతిలో చట్టమే లేదు.

1983 నవంబర్‌లో కొన్ని వందల మంది ఆడవాళ్లు ఆ గేటు ముందు కూర్చున్నారు, ఆదివాసీ అక్కలు ముందు నడిచారు. వంద మందికి పైగా అరెస్టయ్యారు. గేటు అక్కడే ఉంది. లోపల తెల్లటి గుండ్రటి గోపురాలు అప్పటికన్నా ఎక్కువయ్యాయి.