అలెర్జిక్ రైనైటిస్: నిర్ధారణ, చికిత్సల చరిత్ర

ఒంటికి పడని పదార్థం తగిలినప్పుడు ముక్కు లోపలి పొర వాచడాన్ని అలెర్జిక్ రైనైటిస్ అంటారు. వరస తుమ్ములు, నీళ్లలా ముక్కు కారడం, ముక్కు దిబ్బడ, కళ్ల దురద దీని లక్షణాలు. జ్వరం లేకుండా వారాల తరబడి సాగడం వల్ల ఇది మామూలు పడిశానికి భిన్నంగా కనిపిస్తుంది. దీని చికిత్సలో వచ్చిన పెద్ద మలుపుల్లో చాలావరకు ‘ఏది పడటం లేదు?’ అన్న ప్రశ్నను పట్టుకునే వచ్చాయి. 1819లో లండన్ వైద్యుడు జాన్ బోస్టాక్ ఏటా వేసవిలో తననే పీడించే ఈ జబ్బును నిశితంగా వర్ణించాడు. అయితే ఎండ వేడిమే మూలమనుకున్నాడు. రక్తం తీయడం, నల్లమందు, పాదరసం వంటివన్నీ ప్రయత్నించినా ఆ బెడద వదల్లేదు. మాంచెస్టర్ వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ గీరిన చర్మంపై గడ్డి పుప్పొడి అద్ది, దద్దురు లేవడం గమనించాడు. గాలిపటాలకు జిగురు పూసిన గాజుపలకలు కట్టి, పై గాలిలోనూ పుప్పొడి ఉందని తేల్చాడు. 1873లో వెలువడిన ఆయన గ్రంథంతో అసలు కారకం బయటపడింది. నేటి చర్మ పరీక్షకు ఆయన చర్మంపై గీరిన ఆ గీతలే మూలం.

1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియోనార్డ్ నూన్ పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ సూది ద్వారా ఎక్కించాడు. పుప్పొడిలో విషం ఉందన్న ఆయన ఊహ నిలవలేదు గానీ చికిత్స నిలిచింది. సిద్ధాంతం తప్పినా చికిత్స పనిచేసిందంటే నిర్ధారణకు విలువ ఏముందని అడగవచ్చు. నూన్ పొరబడింది పుప్పొడి ఎలా బాధిస్తుందన్న విషయంలోనే. బాధించేది పుప్పొడేనన్న నిర్ధారణ సరైనది కాబట్టే ఆ సూదిమందుకు ఫలితం దక్కింది. అసలు ప్రక్రియ 1960ల చివర్లో అలెర్జీని రేపే ఐజీఈ యాంటీబాడీని గుర్తించాక స్పష్టమైంది. ఆపైన దాన్ని కొలిచే రక్తపరీక్షలూ వచ్చాయి.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. 1930ల నుంచి రూపొందిన యాంటీహిస్టమిన్‌లూ, 1970లలో వచ్చిన స్టెరాయిడ్ ముక్కు స్ప్రేలూ కారకం తెలియకపోయినా ఉపశమనం ఇస్తాయి. ఇది నిజమే, అందుకే చాలామందికి పరీక్షల అవసరం పడదు. పైగా చర్మంపై దద్దురు లేచినంత మాత్రాన జబ్బుకు అదే కారణమని చెప్పలేం. వయ్యారిభామ పుప్పొడికి పరీక్షలో దద్దురు లేచిన మనిషికి ఆ మొక్క పూసే రోజుల్లో తుమ్ములు రాకపోతే ఆ ఫలితానికి అర్థం తక్కువ. ఎప్పుడు, ఎక్కడ ఎక్కువవుతోందన్న రోగి మాటతో కలిపి చూసినప్పుడే పరీక్ష పనికొస్తుంది. అలాగని నిర్ధారణనే వదిలేస్తే నష్టం తప్పదు. కారణం తెలుసుకోకుండా దిబ్బడ తగ్గించే చుక్కలను రోజుల తరబడి వేసుకుంటే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మళ్లీ బిగుసుకుంటుంది. చివరికి ఆ చుక్కలే జబ్బుగా మారతాయి.