పిండిమర నుండి పుట్టిన ఇంటిపేరు

1450వ సంవత్సరం ఏప్రిల్ నెలలో వియన్నా విశ్వవిద్యాలయంలో పదమూడేండ్ల కుర్రవాడొకడు చేరాడు. ప్రవేశపు పుస్తకంలో అతని పేరును లాటిన్ భాషలో యోహానెస్ మోలిటోరిస్ అనీ, ఊరు కోనిగ్స్‌బెర్గ్ అనీ వ్రాసుకొన్నారు. మోలిటోరిస్ అంటే 'పిండిమరవాని యొక్క' అని అర్థం. అనగా పిండిమరవాని కొడుకన్నమాట. ఇంటిలో మాట్లాడుకొనే జర్మన్ భాషలో అదే 'ముల్లర్'. ఆ బాలుడు పెద్దవాడైన తరువాత తండ్రి వృత్తిని పేరులో నుండి తీసివేసి, పుట్టిన ఊరిని చేర్చుకొన్నాడు. కోనిగ్స్‌బెర్గ్ అంటే 'రాజుగారి కొండ'. దానిని లాటిన్‌లోకి మార్చగా ఏర్పడిన రీజియోమోంటానస్ అనే పేరుతోనే ఖగోళశాస్త్ర చరిత్ర అతనిని ఎరుగును. త్రికోణమితిని ఒక క్రమంలో పెట్టి అతడు 1464లో వ్రాసిన గ్రంథం 1533లో గాని అచ్చుకు రాలేదు.

ఒకే మనిషి ఒకచోట ముల్లర్, మరొకచోట మోలిటోరిస్, ఇంకొకచోట రీజియోమోంటానస్! నాటికి ఇంటిపేరు తాత తండ్రుల నుండి వచ్చే ఆస్తి కాలేదు. ఫలానావాడని గుర్తుపట్టడానికి తగిలించే చీటీ మాత్రమే.

అటువంటి చీటీగా పుట్టిన ముల్లర్ అనే పేరు నేడు జర్మనీలో అన్నిటికంటె ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు. ఎనిమిది కోట్లకు పైబడిన ఆ దేశ జనాభాలో సుమారు ఏడు లక్షల మంది ముల్లర్లు ఉన్నారని అంచనా. అంటే ఇంచుమించు నూటికొకరు. స్విట్జర్లండులో కూడా దీనిదే మొదటి స్థానం. జర్మనీలో దీని తరువాత వరుసగా వచ్చే పేర్లు ష్మిట్ (కమ్మరి), ష్నైడర్ (దర్జీ), ఫిషర్ (జాలరి), వేబర్ (నేతగాడు), మైయర్ (భూస్వామి తరఫున సాగు చేయించే పెద్దరైతు), వాగ్నర్ (బండ్లు చేసే వడ్రంగి), బెకర్ (రొట్టెలు కాల్చేవాడు), షుల్ట్స్ (గ్రామాధికారి). మొదటి పదునాలుగు పేర్లలో వృత్తినో, హోదానో తెలుపనిది ఒక్కటీ లేదు. పదిహేనవదైన క్లైన్, అనగా 'చిన్నవాడు', వచ్చి ఆ వరుసను తెంపుతుంది.

ఇది చూచి పూర్వకాలపు జర్మనీలో పిండిమరవాళ్ళే అందరికంటె ఎక్కువగా ఉండేవారని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. ఒక ఊరికి ఒక మర ఉంటే గొప్ప. రెండు మూడు పల్లెలకు కలిపి ఒకటే ఉండడం కూడా కద్దు. జనంలో అత్యధికులు రైతులు. అయినా రైతు అని అర్థమిచ్చే బావర్ అనే పేరు ముల్లర్‌కు చాలా దిగువన ఉన్నది. ఇందులో వింత ఏమీ లేదు. బడిలో అందరూ విద్యార్థులే. ఉపాధ్యాయుడు "ఓయి విద్యార్థీ" అని పిలిస్తే అందరి తలలూ పైకి లేస్తాయి. గంట కొట్టేవాడు మాత్రం ఒకడే కావున, "గంట కొట్టే అబ్బాయి" అంటే ఎవరో వెంటనే తెలుస్తుంది. పల్లెలో హాన్స్ అనే పేరుగలవారు ఆరుగురుండి, వారిలో ఐదుగురు రైతులు, ఒకడు మరవాడు అయితే, 'ముల్లర్' అన్న మాట ఆ ఒక్కనినే పట్టి ఇస్తుంది. కనుక ఇంటిపేరు ఎంత విరివిగా ఉన్నదనే సంఖ్య, ఆ వృత్తివారు ఎందరుండేవారో చెప్పదు. అటువంటివాడు ఒంటిగా కనిపించిన ఊళ్ళు ఎన్నో చెబుతుంది. నేతగాండ్రు, దర్జీలు పట్టణాలలో గుంపులుగా ఉండేవారు. మరవాడు వేలాది పల్లెలలో ఒక్కొక్కడుగా ఉండేవాడు. అతని పేరు మొదటికి రావడానికి ముఖ్య కారణం ఇదే.

అసలు ఇంటిపేర్ల అవసరం ఎందుకు కలిగింది? పన్నెండవ శతాబ్దం వరకు జర్మన్ ప్రాంతాలలో సామాన్యునికి ఒకే పేరు ఉండేది. రైన్ నది ఒడ్డున వర్తక పట్టణాలు పెరిగాయి. పన్నుల పట్టీలు, ఆస్తి పత్రాలు పెరిగాయి. పేర్లు మాత్రం తగ్గిపోయాయి! యోహానెస్, హైన్రిఖ్, కాన్రాడ్ వంటి కొద్ది పేర్లనే అందరూ పెట్టుకొన్నందువల్ల ఒక వీధిలోనే నలుగురు హాన్స్‌లు తేలేవారు. లేఖకుడు ఒక్కొక్కరి ప్రక్కన తండ్రి పేరో, వచ్చిన ఊరో, ఒడ్డూ పొడుగో, చేసే పనో వ్రాసుకోక తప్పలేదు. అప్పటికి ఆ గుర్తు వంశానికి అంటలేదు. మరవాని కొడుకు కొలిమి పెట్టుకొంటే అతడు ష్మిట్ అయ్యేవాడు.

ముల్లర్ అనే మాట పుట్టుక కూడా గమనింపదగినది. నీటిమరను జర్మన్ ప్రాంతాలకు తెచ్చినవారు రోమనులు. మరతోబాటే వారి మాటా వచ్చింది. లాటిన్‌లోని 'మోలినారియుస్' ప్రాచీన జర్మన్‌లో 'ములినారి' అయి, మధ్యకాలంలో 'ముల్నేర్'గా అరిగి, తుదకు నకారం లకారంలో కలిసిపోయి 'ముల్లర్' అయినది. ఈ మరలోని పళ్ళచక్రాల ఏర్పాటును క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలోనే రోమన్ శిల్పి విట్రూవియుస్ వర్ణించాడు. వాగు నీరు నిలువుచక్రాన్ని త్రిప్పుతుంది. దాని ఇరుసుకు గల పళ్ళచక్రం మరొక పళ్ళచక్రాన్ని పట్టుకొని నిట్టనిలువుగా ఉన్న కడ్డీని త్రిప్పుతుంది. ఆ కడ్డీకి అమర్చిన పైరాయి తిరుగుతుండగా క్రిందిరాయి కదలకుండా ఉంటుంది. రాళ్ళ మీది గాళ్ళు అరిగినప్పుడల్లా ఉలితో తిరిగి చెక్కవలెను. చక్రం ఆకు విరిగితే బాగుచేయవలెను. వానకాలంలో తూము కనిపెట్టుకొని ఉండవలెను. మరవాడు ఒంటిచేతి మీద వడ్రంగి, రాతిపనివాడు, నీటి ఇంజనీరు కూడా. ఆ కాలపు పల్లెలో యంత్రమంటే తెలిసినవాడు అతడొక్కడే అంటే అతిశయోక్తి కాదు.

ఇంతటి పనివానికి గౌరవం దక్కిందా? సాధారణంగా దక్కలేదు. మర కట్టడానికి చాలా సొమ్ము కావలెను కనుక అది ఎక్కువగా భూస్వామిదో, మఠానిదో అయి ఉండేది. ఆ ఎస్టేటులోని రైతులు తమ ధాన్యాన్ని ఆ మరలోనే పట్టించుకోవలెనని కట్టడి. కూలి డబ్బు రూపంలో కాక ధాన్యం రూపంలో తీసుకొనేవారు. చాలా చోట్ల పదహారవ వంతు. తన బస్తాలో నుండి మరవాడు తీసుకొన్నది పదహారవ వంతో, పన్నెండవ వంతో తూచి చూచే సాధనం రైతుకు లేదు. వేరే మరకు పోయే దారీ లేదు. తీరా చూస్తే మరవాని ఇల్లు ఊరికి దూరంగా వాగు ఒడ్డున ఉండేది. రాత్రివేళ కూడా చప్పుడు వినిపించేది. అనుమానానికి ఇంతకంటె ఏమి కావలెను? ముందు వచ్చినవానికే ముందు పట్టవలెనని పదమూడవ శతాబ్దపు 'జాక్సన్‌ష్పీగెల్' అనే ధర్మశాస్త్రం నియమం పెట్టిందంటే, మర దగ్గర ఎన్ని తగవులు జరిగేవో ఊహించుకోవచ్చును.

చాలా ప్రాంతాలలో మరవాడిని 'గౌరవం లేని' వృత్తులవారిలో చేర్చారు. గొర్రెలకాపరులు, నారబట్టలు నేసేవారు, స్నానశాలలవారు, బాకాలు ఊదేవారు కూడా ఆ జాబితాలోనివారే. వారి కొడుకులను ఇతర చేతివృత్తుల సంఘాలు శిష్యులుగా చేర్చుకొనేవి కావు. కొడుకు చేసిన తప్పేమీ లేదు. తండ్రి మర నడిపేవాడు, అంతే. ఈ ఆచారం చెల్లదని 1548లో సామ్రాజ్య శాసనం ప్రకటించింది. 1577లో అదే మాటను తిరిగి చెప్పవలసి వచ్చింది. 1731 నాటి శాసనం కూడా ఈ విషయాన్ని ఎత్తుకోక తప్పలేదు. ఒకే ఆజ్ఞను ఇన్నిసార్లు జారీ చేయవలసి వచ్చిందంటే మొదటిసారి ఎందరు చెవిని పెట్టారో వేరుగా చెప్పనక్కరలేదు. నలుగురూ చిన్నచూపు చూచిన వృత్తి పేరే దేశంలో మొదటి ఇంటిపేరు అయినది. పేరు ఎన్నుకొనే హక్కు దానిని మోసేవానికి లేదు. ఇరుగుపొరుగువారు పిలిచారు, లేఖకుడు వ్రాశాడు.

కాలక్రమాన పేరు వృత్తిని వదిలి వంశాన్ని పట్టుకొన్నది. పేర్లు ఇష్టం వచ్చినట్లు మార్చుకొనరాదని బవేరియాలో 1677లోనే ఆజ్ఞ వచ్చింది. ప్రష్యాలో అటువంటి కట్టడి 1794లో వచ్చింది. 1876 జనవరి 1 నుండి జర్మన్ సామ్రాజ్యమంతటా జనన, వివాహ, మరణాలను ప్రభుత్వ కార్యాలయాలలో నమోదు చేయసాగారు. అక్కడితో పేరుకు వర్ణక్రమం కూడా స్థిరపడినది. ఆవిరియంత్రాలు వచ్చి వాగు ఒడ్డున నీటిమరలు మూతబడుతున్న కాలంలోనే, మరవాని పేరు చట్టప్రకారం శాశ్వతమైనది!

ఈ పేరు దేశమంతటా ఉన్నా నైరుతి భాగాన, ముఖ్యంగా జార్లండ్ ప్రాంతంలో, ఎక్కువ దట్టంగా కనిపిస్తుంది. ఉత్తరాన అదే పేరు మోల్లర్, స్వేబియాలో మిల్లర్, బవేరియా, ఆస్ట్రియాలలో ముల్నర్. చదువుకొన్నవారు దానిని లాటిన్‌లో పెట్టి మోలిటోర్ అనీ, గ్రీకు పోకడతో మ్యూలియుస్ అనీ వ్రాసుకొన్నారు. తుపాకిమందు నూరే మరను నడిపినవాని సంతతి పుల్వర్‌ముల్లర్లు. తోళ్ళు ఊనడానికి చెట్టుబెరడు దంచిన మరవాని సంతతి లోముల్లర్లు. అయినా మొత్తం మీద ఎక్కువమంది ముల్లర్ అనే ఒకే రూపంలో చేరిపోయారు. కమ్మరి పేరు అట్లా కాలేదు. అది ష్మిట్, ష్మిడ్, ష్మిట్స్, ష్మీడ్ అంటూ ప్రాంతానికొక రూపంగా చీలిపోయింది. ఆ రూపాలన్నిటినీ కలిపి లెక్కిస్తే కమ్మరి మరవానిని దాటిపోతాడు. కాబట్టి ముల్లర్‌కు దక్కిన మొదటి స్థానంలో వర్ణక్రమానికి కూడా వాటా ఉన్నది. అమెరికాకు వలసపోయిన ముల్లర్లలో చాలామంది మిల్లర్లుగా మారారు. అక్కడి 2010 జనాభా లెక్కలలో మిల్లర్ అనే పేరు ఏడవది. సుమారు 11 లక్షల 60 వేల మందికి ఉన్నది. వీరిలో ఇంగ్లీషు, స్కాటిష్ మిల్లర్లు కూడా కలిసి ఉన్నారు.

కొన్ని పేర్లు పెరుగుతూ ఉంటే మరికొన్ని ఎందుకు అంతరిస్తాయి? ఈ ప్రశ్నను 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ గణితజ్ఞుల ముందుంచగా, హెచ్. డబ్ల్యు. వాట్సన్ దానిని సాధించే పద్ధతి చూపాడు. ఆ పద్ధతిని నల్లబల్ల మీద సులభంగా వేయవచ్చును. ప్రతి పురుషునికి ఇద్దరు కొడుకులు కలగడమో, అసలు కలగకపోవడమో సమాన సంభావ్యతతో జరుగుతుందనుకొందాం. పేరు ఒక్కనితోనే మొదలైతే అది మొదటి తరంలో అంతరించే సంభావ్యత 1/2. రెండవ తరానికి 5/8 అవుతుంది. మూడవ తరానికి 89/128, అంటే ఇంచుమించు నూటికి డెబ్బై వంతులు. ఒక్క మనిషితో పుట్టిన పేరు ఇంత సులభంగా మాసిపోతుంది. వేయిమంది మరవాళ్ళతో వేయి పల్లెలలో విడివిడిగా మొదలైన పేరుకు ఈ భయం లేదు. కొన్ని వందల పాయలు ఎండిపోయినా మిగిలినవి సాగుతూనే ఉంటాయి.

ఇందువల్ల మరొక సంగతి తేలుతున్నది. ముల్లర్లందరూ ఒక వంశంవారు కారు. విజ్ఞానశాస్త్ర పుస్తకాలలో ఈ పేరు తరచుగా తగులుతుంది. 1782లో టెల్లూరియం మూలకాన్ని కనుగొన్నవాడు ముల్లర్. సీతాకోకచిలుకల అనుకరణను వివరించినవాడు ఫ్రిట్స్ ముల్లర్. డి.డి.టి. కీటకాలను చంపుతుందని కనిపెట్టి 1948లో నోబెల్ బహుమతి పొందినవాడు పాల్ ముల్లర్; అతివాహకత్వంలో పరిశోధనకు 1987లో పొందినవాడు అలెక్స్ ముల్లర్. వీరి మధ్య చుట్టరికం వెతకడం వృథా. తండ్రి నుండి కొడుకుకు పేరుతోబాటు సంక్రమించేది వై క్రోమోజోము. ఇంగ్లండులో లెస్టర్ విశ్వవిద్యాలయంవారు 2009లో ప్రకటించిన పరిశోధనలో అరుదైన ఇంటిపేర్లుగలవారి వై క్రోమోజోములలో పోలిక బాగా కనిపించింది. స్మిత్ వంటి విరివిగా ఉండే వృత్తి పేరుగలవారిలో, దారిన పోయే ఏ ఇద్దరి మధ్యనైనా ఉండే పోలికకు మించి కనిపించలేదు. ఇంగ్లీషువారి స్మిత్‌కు చెల్లినది ముల్లర్‌కు చెల్లకపోవడానికి కారణం ఏదీ లేదు.

గుర్తుపట్టడానికి పుట్టిన పేరు చివరకు గుర్తుపట్టడానికే పనికిరాకుండా పోయింది. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో 1849 నుండి 1874 వరకు ఆరు సంపుటాలుగా ప్రకటించిన మాక్స్ ముల్లర్‌ను భారతదేశంలో ఎరుగని విద్యావంతులు లేరు. ఆయన తండ్రి విల్‌హెల్మ్ ముల్లర్ కవి. మరవాని అందమైన కూతురి మీద ఆయన అల్లిన పాటలకు షూబర్ట్ సంగీతం కూర్చాడు. కొడుకుకు మాత్రం ముల్లర్ అనే పేరు మరీ సామాన్యంగా తోచింది. ముల్లర్ అంటే ఏ ముల్లరని ప్రజలు అడుగుతారు గదా! అందువల్ల 'మాక్స్' అనే తన పేరును కూడా ఇంటిపేరులో భాగం చేసుకొన్నాడు. సంస్కృతంలో వ్రాసుకొన్నప్పుడు మోక్షమూలర భట్టు అయినాడు. ఆ రూపంలో పిండిమర జాడ పోల్చుకోవడం ఎవరి తరం?

1920లోను, తిరిగి 1928 నుండి 1930 వరకు జర్మనీకి ఛాన్సలర్‌గా ఉన్న హెర్మన్ ముల్లర్‌కు కూడా ఇదే చిక్కు వచ్చింది. పార్లమెంటులో ఇతర ముల్లర్లు ఉన్నందువల్ల, ఆయన నియోజకవర్గమైన ఫ్రాంకెన్ పేరు చేర్చి ఆయనను 'ముల్లర్-ఫ్రాంకెన్' అని పిలిచేవారు. ఆ ఫ్రాంకెన్ ప్రాంతంలోనిదే రీజియోమోంటానస్ పుట్టిన కోనిగ్స్‌బెర్గ్.