రుబ్బురోలు తిరుగబడిన కథ

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల పేరు చెప్పగానే నాపరాయి జ్ఞప్తికి వచ్చును. ఎన్నో యిండ్లలో కాలిక్రింద పఱచిన బండలు అక్కడివే. అయినను పిండి రుబ్బు రోటికి ఆ రాయి తగదు; గట్టి నల్లరాయి కావలెను. కారణమేమి? నాపరాయి ఒక విధమగు సున్నపురాయి. అందలి ముఖ్య ఖనిజము కాల్సైటు. మోస్ కాఠిన్యమానమున దాని స్థానము 3. గ్రానైటులోని ఫెల్‌స్పారునకు 6, క్వార్ట్జునకు 7. రాతిపై రాయి రాపాడునపుడు మెత్తనిది అరిగి పిండిలో కలియును. పైగా చింతపండు పులుపు సున్నపురాతిని తినివేయును. నాపరాతి ముక్కపై సజల హైడ్రోక్లోరికామ్లము రెండు చుక్కలు వేసి చూడుడు, బుసబుస పొంగును. గ్రానైటు పలుకనైన పలుకదు.

ఈ యెన్నిక మన పూర్వులు ఏ ప్రయోగశాలలోను నేర్చినది కాదు. బేతంచెర్ల దగ్గఱి బిల్లసర్గం గుహలను 1884-85లో త్రవ్వించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, బళ్ళారి ప్రాంతమున కొత్తరాతియుగపు నూఱుడు రాళ్ళను సేకరించెను. అవి మద్రాసు మ్యూజియమునకు చేరినవి. వానిపై రాతిని ముందునకు వెనుకకు త్రోయవలెను. తిరుగలిలోను రుబ్బురోటిలోను ఆ చలనము గుండ్రమైనది. చేతికి వెనుదీయు శ్రమ తప్పినది.

రుబ్బురోటిలో రోలు కదలదు, పొత్రము తిరుగును. ఒక చేత పొత్రము త్రిప్పుచు రెండవ చేత పిండిని లోనికి త్రోయవలెను. ఆ రెండవ చేతి పనియే యంత్రమునకు చిక్కు. 1955లో కోయంబత్తూరు నివాసి పి. సభాపతి రూపొందించిన వెట్ గ్రైండరు దీనిని విప్పినది. అందు పాత్ర తిరుగును. రాయి ఉన్నచోటనే యుండును. పిండి తనంత తానే రాతి క్రిందికి వచ్చును. నా దృష్టిలో అసలు ఉపజ్ఞ మోటారు కాదు, ఈ తలక్రిందు చేయుటయే. గంటలకొలది రోటి ముందు కూర్చుండిన స్త్రీల నడుములకు అది ఎంతటి విడుదలయో వేఱుగ చెప్పనక్కఱలేదు.

1960 దశకమున వచ్చిన మిక్సీని రోటి సంతతి యనుట పొరపాటు. అది కత్తి సంతతి. అందలి అలుగు మిక్కిలి వేగముగా తిరిగి గింజను నఱకునే కాని నలుపదు. ఆ వేగమునకు పిండి వేడెక్కును. వేడి మితిమీరినచో పిండిని పులియజేయు సూక్ష్మజీవులకు చేటు. రోటిపచ్చడి రుచి మిక్సీలో రాదని పెద్దలు గొణుగుట ఉత్త చాదస్తము కాదు.

గ్రైండరు రాయియు వాడగా వాడగా నునుపెక్కును. అప్పుడు దానికిని కక్కు కొట్టవలసినదే. కాని ఉలియు సుత్తియు పట్టుకొని, కేకవేయుచు వీధి వెంట వచ్చువారు నేడు అరుదు.